దుమ్మే కదా అనుకుంటే...

"మనదేమన్నా ఢిల్లీనా, పొల్యూషన్ పొల్యూషన్ అని భయపడేదానికి? ఈడ ఉండేది ఉత్త దుమ్మే కదా!"

కర్నూలులోనైనా, కడపలోనైనా గాలి గురించి మాటెత్తితే ముందుగా వినపడే సమాధానం ఇది. హాస్టల్లో ఇదే మాట, ఇంట్లో ఇదే మాట. ఇందులో సగం నిజముంది. సీమలో వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, నేల ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటుంది. గాలి లేస్తే దుమ్ము లేస్తుంది. మన తాతలు కూడా ఆ దుమ్ములోనే బతికారు. కానీ మిగతా సగం గురించి మనం పెద్దగా మాట్లాడుకోము. మనం పీల్చే గాలిలో కంటికి కనపడే దుమ్ముతో పాటు కనపడని ధూళి కూడా ఉంది. గుండెపోటుకీ, పక్షవాతానికీ ఎక్కువ సంబంధం ఉన్నది ఆ కనపడనిదానికే. ఆ రెండింటి తేడా మన ఇంజనీరింగ్ పాఠాలతోనే అర్థం చేసుకోవచ్చనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఒక విషయం. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. ఐదేళ్లు వరుసగా దేశీయ గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాలను అందులో చేర్చారు. ఆంధ్రప్రదేశ్ నుంచి మొదటి జాబితాలోనే విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరుతో పాటు కర్నూలు ఉంది. తర్వాత కడప, అనంతపురం, చిత్తూరు వంటివి కలిసి రాష్ట్రంలో మొత్తం 13 నగరాలయ్యాయి. అంటే "మనకేముందిలే" అనుకునే ఊర్లు కూడా ప్రభుత్వ లెక్కల్లో గాలి బాగాలేని ఊర్లే.

స్టోక్స్ చెప్పే లెక్క

గాలిలో తేలే రేణువులను వాటి వ్యాసాన్ని బట్టి విడదీస్తారు. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 10. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 2.5. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఒక వెంట్రుక అడ్డంకొలతలో పీఎం 2.5 రేణువులు ఇరవైకి పైగా పక్కపక్కన పడతాయి.

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో స్టోక్స్ సూత్రం చదువుకునే ఉంటారు. నిశ్చలంగా ఉన్న గాలిలో చిన్న రేణువు కిందికి దిగే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుంది. నీటి సాంద్రతే ఉన్న 10 మైక్రాన్ల రేణువుకు లెక్క వేస్తే సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్లు వచ్చింది. మూడు మీటర్ల ఎత్తున్న గదిలో పైకప్పు నుంచి నేలకు చేరడానికి 17 నిమిషాలు చాలు. అదే 2.5 మైక్రాన్ల రేణువైతే వేగం 16వ వంతు అవుతుంది, దిగడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. మట్టి రేణువు నీటికంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి ఇంకొంచెం తొందరగా దిగుతుంది. కానీ రెండు సైజుల మధ్య ఉన్న ఆ 16 రెట్ల తేడా మాత్రం మారదు. పైగా నిజమైన గాలి నిశ్చలంగా ఉండదు కదా. ఫ్యాను తిరిగినా, మనిషి నడిచినా ఆ సన్న ధూళి మళ్లీ పైకి లేస్తుంది. ఇక డీజిల్ పొగలో ఉండే మసి రేణువు మైక్రాన్‌లో పదో వంతు సైజులో ఉంటుంది. దాన్ని నేలకు దించడం గురుత్వాకర్షణకు దాదాపు చేతకాని పని. రోజుల తరబడి తేలుతూ, గాలితో పాటు వందల కిలోమీటర్లు పోగలదు.

బస్సు పోయాక లేచిన దుమ్ము పది నిమిషాల్లో సర్దుకుంటుంది. మనం కళ్లు తుడుచుకుని "తగ్గింది" అనుకుంటాం. తగ్గింది కనపడేది మాత్రమే.

లోపలికి పోయాక

ముక్కు, గొంతు మంచి వడపోత యంత్రాలు. 10 మైక్రాన్ల కంటే పెద్ద దుమ్ము ముక్కు వెంట్రుకల్లో, తడిలో చిక్కుకుంటుంది. తుమ్ముతాం, చీదుతాం, ఉమ్ముతాం, పోతుంది. అంతకంటే చిన్నవి శ్వాసనాళాల దాకా పోతాయి. అక్కడ జిగురు, దాన్ని పైకి తోసే సన్నని శైలికలు ఉన్నాయి కాబట్టి చాలావరకు దగ్గుతో బయటపడతాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ దశలోనే ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి పెద్ద దుమ్ము నిరపాయకరమని కాదు.

పీఎం 2.5 మాత్రం ఈ కాపలాలన్నీ దాటుకుని వాయుగోణుల దాకా పోతుంది. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా వాయుగోణులు ఉన్నాయి. అన్నింటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. ఆక్సిజన్ రక్తంలోకి సులువుగా పోవాలి కాబట్టి అక్కడి పొర చాలా పలచన. అక్కడ శైలికలు ఉండవు. వచ్చిన రేణువును మింగడానికి భక్షక కణాలు వస్తాయి. అవి మింగిన మసినీ లోహాలనీ జీర్ణం చేసుకోలేక ప్రమాద సంకేతాలను విడుదల చేస్తాయి. అక్కడ వాపు మొదలవుతుంది. ఆ సంకేతాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. రక్తం కొంచెం చిక్కబడుతుంది, ధమనుల గోడలు గట్టిపడతాయి, అప్పటికే పేరుకున్న కొవ్వు పొర పగిలే అవకాశం పెరుగుతుంది. అన్నిటికంటే చిన్న రేణువులైతే నేరుగా రక్తంలోకే దిగగలవు. అందుకే గాలి కాలుష్యం అనగానే దగ్గూ ఆయాసమే గుర్తొచ్చినా, లెక్కల్లో ముందుండేవి గుండెపోటు, పక్షవాతం. వీటితో పాటు సీఓపీడీ, ఊపిరితిత్తుల క్యాన్సర్, మధుమేహం, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు కూడా ఈ జాబితాలో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లో బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా ఆ వర్గంలోనిదే.

ఇక్కడ ఇంకో చిన్న లెక్క. మనిషి రోజుకు సుమారు 15 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడనుకుందాం. గాలిలో పీఎం 2.5 ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు ఉంటే రోజుకు 600 మైక్రోగ్రాములు, ఏడాదికి 219 మిల్లీగ్రాములు. అంటే పావు గ్రాము కూడా లేదు. చిటికెడు ఉప్పంత కూడా కాదు! ఇంత తక్కువ బరువు ఇంత హాని ఎలా చేస్తుంది? సమాధానం ఉపరితల వైశాల్యంలో ఉంది. 10 మైక్రాన్ల గుండును 2.5 మైక్రాన్ల గుండ్లుగా చేస్తే 64 అవుతాయి, మొత్తం ఉపరితలం 4 రెట్లవుతుంది. 0.25 మైక్రాన్లకు దించితే 64,000 గుండ్లు, ఉపరితలం 40 రెట్లు. కెమిస్ట్రీలో ఉత్ప్రేరకాన్ని పొడి చేసి వాడేది ఎందుకో ఇదీ అందుకే. చర్య జరిగేది ఉపరితలం మీదే. మసి రేణువు ఉపరితలం మీద లోహాలు, సగం కాలిన హైడ్రోకార్బన్లు అంటుకుని లోపలికి ప్రయాణం చేస్తాయి.

మన గాలిలోకి ఎక్కడ నుంచి వస్తోంది?

మట్టి దుమ్ములో ఎక్కువ భాగం పెద్ద రేణువులే. పీఎం 2.5లో ఎక్కువ భాగం ఏదో ఒకటి కాలితే పుట్టేది. కాబట్టి ప్రశ్న ఏమిటంటే, మన దగ్గర ఏమేం కాలుతున్నాయి?

మొదటిది రోడ్డు. కర్నూలు పక్కనే హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 పోతుంది. కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా చిత్తూరు వైపు రహదారి 40. రాత్రీ పగలూ లారీలే. ఊర్లో రాజ్‌విహార్ సెంటర్లోనో, కడప ఏడు రోడ్ల కూడలిలోనో సాయంత్రం పూట నిలబడితే ఆటోల పొగ సంగతి చెప్పక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక ఇంధనంలో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. మంచి మార్పే. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

రెండోది పరిశ్రమలు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, ఎర్రగుంట్ల–ముద్దనూరు మధ్య 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు కాలినప్పుడు పొగగొట్టం నుంచి బూడిదే కాదు, సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కూడా వస్తుంది. అది గాలిలో తేమతో, అమ్మోనియాతో కలిసి సల్ఫేట్ రేణువులుగా మారుతుంది. ఇదీ పీఎం 2.5 యే. గొట్టం దగ్గర కొలిస్తే ఇది కనపడదు, చాలా దూరం పోయాక పుడుతుంది. ఈ వాయువుకు 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు పెట్టింది. 2025 జూలైలో ఎక్కువ శాతం థర్మల్ కేంద్రాలకు దాన్ని తొలగించే పరికరం తప్పనిసరి కాదని సడలించింది.

మూడోది బండలు. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు దేశమంతా పోతాయి. కోతలో, పాలిష్‌లో లేచే సన్న పొడిలో సిలికా ఉంటే అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే సిలికోసిస్‌కు దారి తీస్తుంది. దానికి మందు లేదు. ఇక్కడ మాత్రం "ఉత్త దుమ్మే" అనే మాట కూడా చెల్లదు. నీళ్లు పోస్తూ కోస్తే పొడి చాలా తగ్గుతుంది. ఆ నీళ్లు పోస్తున్నారా లేదా అన్నదే కార్మికుడి ఆయుష్షును నిర్ణయిస్తుంది.

నాలుగోది మనమే కాల్చేది. వీధి చివర చెత్తకుప్పకు అగ్గి పెట్టడం, పల్లెల్లో కంది కట్టె, పత్తి కట్టె, కంపలతో వంట. 2019లో దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని 2020 చివర్లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. అందులో 6.1 లక్షలు ఇంట్లో పొగ వల్లనే. 1999లో మన రాష్ట్రంలో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల, 2024లో దీపం-2 గ్యాసును ఇంటింటికీ తెచ్చాయి. అయినా గ్యాసును టీకీ పాలకీ, కట్టెల పొయ్యిని స్నానం నీళ్లకీ, జొన్న రొట్టెలకీ వాడే ఇళ్లు మనకు తెలియనివి కావు. ఆ పొయ్యి ముందు కూర్చునేది మన అవ్వలే, అమ్మలే.

వీటికి తోడు భూగోళం. కడపకు మూడు వైపులా కొండలు. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లగా అవుతుంది. బరువైన చల్లగాలి కింద, తేలికైన వెచ్చగాలి పైన ఉంటే మూత పెట్టిన గిన్నె లాంటి పరిస్థితి. పొగ పైకి పోలేదు. ఎండ బాగా ఎక్కేదాకా ఆ మూత తెరుచుకోదు.

"సంతృప్తికరం" అంటే ఎవరికి?

మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు 40 మైక్రోగ్రాములు, ఒక్క రోజు సగటు 60 దాటకూడదు. ఇది 2009లో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితులు ఏడాదికి 5, రోజుకు 15. అంటే మన ఏడాది ప్రమాణం దానికి ఎనిమిది రెట్లు.

ఫోన్లో చూసే గాలి నాణ్యత సూచీలోనూ ఒక మెలిక ఉంది. ఒక్కో కాలుష్యానికి విడిగా సంఖ్య లెక్కించి, వాటిలో ఏది ఎక్కువో దాన్నే ఆ రోజు సూచీగా చూపిస్తారు. ఉదాహరణకు ఒక రోజు ఊహించుకుందాం. పీఎం 10 విలువ 120, పీఎం 2.5 విలువ 50. పీఎం 10 సూచీ 113 దగ్గర, పీఎం 2.5 సూచీ 83 దగ్గర వస్తాయి. తెర మీద కనపడేది 113, కారణం దుమ్ము. "ఓహో, దుమ్మేలే" అని ఫోను మూసేస్తాం. కానీ వెనకాల ఉన్న 50 మైక్రోగ్రాముల సన్న ధూళి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు పరిమితికి మూడు రెట్ల పైనే. దుమ్ము ఎక్కువున్న పొడి ప్రాంతాల్లో ఇలా పెద్దది చిన్నదాన్ని దాచేస్తుంది. దుమ్ము లేకపోయినా ఆ 83కు సూచీ ఇచ్చే పేరు "సంతృప్తికరం".

తక్కువ ఉంటే భయం లేదా?

ఢిల్లీతో పోలిస్తే మన అంకెలు చాలా చిన్నవి, నిజమే. కానీ మనం అనుకునేట్టు "పరిమితి లోపల ఉంటే సురక్షితం, దాటితే ప్రమాదం" అనే గీత పరిశోధనల్లో దొరకలేదు.

1993లో అమెరికాలో ఆరు నగరాల అధ్యయనం వచ్చింది. 8,111 మందిని 14 నుంచి 16 ఏళ్ల పాటు గమనించారు. పొగతాగే అలవాటు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఎక్కువ కాలుష్యమున్న ఊర్లో మరణాల రేటు తక్కువున్న ఊరి కంటే 26 శాతం ఎక్కువ. దానికంటే మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ శివార్లలోని 28 గ్రామాల్లో జరిగింది. 3,717 మంది ఎముకలను పరీక్షించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. పీఎం 2.5 ఎక్కువున్న చోట నివసించేవారిలో ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉంది. అక్కడ ఏడాది సగటు ఎంతో తెలుసా? 32.8 మైక్రోగ్రాములు. మన దేశ ప్రమాణమైన 40కి లోపలే! అదే గ్రామాల్లో జరిగిన ఇంకో పరిశీలనలో మెడ ధమని గోడల మందానికి కూడా ఈ ధూళితో సంబంధం కనపడింది.

2024లో హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ సహా పది నగరాల మరణాల లెక్కలతో ఒక అధ్యయనం వచ్చింది. పీఎం 2.5 పది మైక్రోగ్రాములు పెరిగితే రోజువారీ మరణాలు సగటున 1.42 శాతం పెరిగాయి. ఆశ్చర్యం ఏమిటంటే ఢిల్లీలో ఆ పెరుగుదల 0.31 శాతమే, బెంగళూరులో 3.06 శాతం. గాలి కొంచెం మేలైన ఊర్లోనే అదనపు పది మైక్రోగ్రాముల దెబ్బ గట్టిగా తగిలింది. గ్రాఫ్ గీస్తే వక్రరేఖ మొదట్లో నిటారుగా ఎక్కి, పైకి పోయేకొద్దీ చదునవుతుంది. దీన్ని తిప్పి చదివితే మనకు మంచి వార్త. చదునుగా ఉన్న చోట పది తగ్గిస్తే కొంచెం లాభం, నిటారుగా ఉన్న చోట పది తగ్గిస్తే ఎక్కువ లాభం. అంటే కర్నూలు, కడప లాంటి ఊర్లలో తగ్గించే ప్రతి మైక్రోగ్రామూ విలువైనదే. "ఢిల్లీ అంత లేదు కదా" అనేది ఊరుకోవడానికి కారణం కాదు, మొదలుపెట్టడానికి కారణం.

డబ్బు ఎటు పోతోంది?

స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10 తోనే కొలుస్తున్నారు. ఏది కొలిస్తే దాని మీదే ఖర్చు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన లెక్క ప్రకారం ఆ కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది. పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా లేదు. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు వద్దని నేను అనడం లేదు. సీమలో దుమ్ము తగ్గితే చాలామందికి ఊపిరాడుతుంది. కానీ కనపడేదాన్ని ఊడ్చి పని అయిపోయిందనుకుంటే కనపడనిది అట్లే ఉంటుంది.

కొలతల విషయం కూడా ఉంది. మనుషులు ఫిల్టరు మార్చి కొలిచే కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 కొలతలు ఉండాలని నిబంధన. మిగతా 261 రోజులు ఎవరికీ తెలియవు. దీపావళి రాత్రి, పొగమంచు ఉదయం ఆ 104లో పడొచ్చు, పడకపోవచ్చు.

మరి మనమేం చేయగలం?

ఈసీఈ, మెకానికల్, సివిల్ మిత్రులకు ఇది చేతికి దొరికే మినీ ప్రాజెక్టు. లేజరు కాంతిని రేణువులు చెదరగొట్టడాన్ని బట్టి పీఎం 2.5 చెప్పే చిన్న సెన్సార్లు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఇవి ఎక్కువ చూపిస్తాయి కాబట్టి ప్రభుత్వ నిరంతర కేంద్రం పక్కన కొన్నాళ్లు పెట్టి సరిచూసుకోవాలి. ఆ తర్వాత క్యాంటీన్ వెనక, బస్టాండులో, హాస్టల్ కిటికీలో, ఊర్లో అవ్వ వంటింట్లో పెట్టి చూడండి. ఒక వారం అంకెలు పది ఉపన్యాసాల కంటే బాగా మాట్లాడతాయి.

ఇంట్లో, వీధిలో చేయగలిగినవీ ఉన్నాయి. చెత్త కాల్చొద్దని చెప్పండి. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. ఈ సంగతి మునిసిపాలిటీ సిబ్బందికి గుర్తు చేసినా తప్పు లేదు. ముఖానికి కట్టుకునే తువ్వాలు, చేతిరుమాలు పెద్ద దుమ్మును ఆపుతాయి కానీ సన్న ధూళిని ఆపవు. దానికి ముఖానికి బాగా అతుక్కునే ఎన్95 కావాలి. చలికాలంలో రన్నింగ్‌కు పోయేవాళ్లు హైవే పక్క సర్వీసు రోడ్డు వదిలి లోపలి గ్రౌండుకు పోండి, ఎండ పడ్డాక పోతే ఇంకా మంచిది. నాన్నకో తాతకో గుండె జబ్బు, ఆయాసం ఉంటే పొగ ఎక్కువున్న పొద్దుల్లో వాకింగ్ ఆపమనండి. కట్టెల పొయ్యి తప్పనప్పుడు ఆరుబయట పెట్టుకుంటే, చంటిబిడ్డను దూరంగా ఉంచితే ఆ మేరకు మేలు.

కానీ నిజాయితీగా చెప్పాలంటే, మాస్కు పెట్టుకునే వీలు అందరికీ ఉండదు. కూడలిలో ఎండలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్, తెల్లారకముందే రోడ్డు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు, బండల ఫ్యాక్టరీలో రోజుకూలీ, రోజంతా ఆటో వెనకాలే ఆటో నడిపే అన్న ఎంచుకుని ఆ గాలి పీల్చడం లేదు. గాలి బాగుపడితేనే వాళ్లు బాగుపడతారు. కాబట్టి నగరపాలక సంస్థలను, మన ప్రజాప్రతినిధులను మనం అడగాల్సినవి మూడు: పీఎం 2.5 అంకెలు రోజూ చెప్పండి, పనితీరును దానితో కూడా కొలవండి, కాలే చోట ఖర్చు పెట్టండి.

సీమ మనిషికి దుమ్ము కొత్త కాదు, దాన్ని దులుపుకుని పోవడం కూడా అలవాటే. దులుపుకుంటే పోనిది ఒకటుందని మాత్రం మన ఇంట్లోవాళ్లకు, ఫ్రెండ్స్‌కు చెప్పాల్సింది చదువుకున్న మనమే.